బాలకథలు - ప్రౌఢపాఠకులు

బాలుర కొరకై వెలువడిన కథలను, బొమ్మలను జీవితాంతము అభిమానించు ప్రౌఢులు తెలుగునాట ఎందరో కలరు. 1947 జూలైలో చెన్నపట్టణమున నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ప్రారంభించిన ‘చందమామ’ మాసపత్రిక 2013 నాటికి నిలిచిపోయినది. అయినను దాని పాత సంచికలను బైండు చేయించి బీరువాలో దాచుకొన్నవారు, ఏ ధారావాహిక దేని తరువాత వచ్చినదో తడుముకొనక చెప్పగలవారు, ముఖచిత్రమును చూచిన మాత్రమున అది వడ్డాది పాపయ్య చేతిదో కాదో తేల్చగలవారు నేటికిని మన నడుమ ఉన్నారు. వీరిలో ఉపాధ్యాయులు కలరు, గుమాస్తాలు కలరు, పింఛను పుచ్చుకొనుచున్నవారును కలరు. ఇంటివారు వీరిని చూచి నవ్వుదురు. ‘ముసలివానికి దసరా పండుగ’ అను మాట వీరి చెవిని తరచు పడుచుండును. టెలివిజనులో వచ్చు కార్టూను చిత్రములను, మనుమలు లేచి ఆటలకు పోయిన పిమ్మటను కదలక కూర్చుండి చూచువారికి ఈనాడు జరుగుచున్న మర్యాదయు ఇదియే.

ఈ నవ్వునకు ఆధారమేమి? ఈ అభిమానులు తమ పక్షమున చెప్పుకొను సమాధానము నిలుచునా? ఈ రెండు ప్రశ్నలను ఇక్కడ విచారింపవలెనని మా ఉద్దేశము. బాలసాహిత్యమును గూర్చి వ్రాసిన మన విమర్శకులు బాలునకు ఏది హితము, ఏది కాదు అను చర్చను విశేషముగా సాగించిరి. ఆ పుస్తకమునే బాలుని తండ్రియు చదువుచున్నాడను సంగతిని వారు పట్టించుకొనినట్లు లేదు.

విచారణకు మేము గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములను ఎన్నుకొనుటకు కారణము కలదు. 2016 అక్టోబరులో వేరు జిల్లాలగు వరకు ఈ మూడును మహబూబునగరము జిల్లాలోనివే. ఇక్కడ సాహిత్యము రెండు పాయలుగా ప్రవహించినది. ఒకటి కోటలోనిది. ‘విద్వద్గద్వాల’ అను పేరు ఊరకే రాలేదు. వనపర్తి, ఆత్మకూరు సంస్థానములు తిరుపతి వేంకటకవుల అవధానములను చూచినవి. నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని కొల్లాపురము రాజధానిగా వెలసిన జటప్రోలు సంస్థానపు ప్రభువు సురభి మాధవరాయలు ‘చంద్రికా పరిణయము’ వంటి శ్లేషభూయిష్ఠమైన ప్రబంధమును తానే రచించెను. రెండవ పాయ కోట వెలుపలిది. పన్నెండు మెట్ల కిన్నెరపై పండుగ సాయన్న కథను పాడిన గాయకుల పరంపర దానికి చెందినది. ఆ పరంపరలోని దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ పురస్కారము లభించిన పిమ్మట పట్టణవాసులకును కిన్నెర యనగా ఏమో తెలిసినది.

ఈ రెండు సభలలో శ్రోతలను విభజించిన తీరు గమనింపదగినది. కోటలో పండితుడు, పామరుడు అను భేదము ఉండెను. కిన్నెర చుట్టును కూర్చున్నవారిలో ఆ భేదమును లేదు. వయస్సును బట్టి ‘ఇది నీది, ఇది నాది’ అని కథను పంచిన దాఖలా ఈ రెంటిలోను కానరాదు. పండ్రెండేండ్ల పిల్లవాడు తండ్రి ప్రక్కన కూర్చుండి సాయన్న కథ వినును. నిద్ర వచ్చినచో అక్కడనే పరుండును. అంతియే.

మరి కథపై చిన్నచూపు ఎప్పుడును లేదా? ఉన్నది. మన భాషయే అందుకు సాక్ష్యము. నమ్మరాని మాటను ‘కాకమ్మ కథ’ యందుము. పనికిరాని ప్రసంగమును ‘పిట్టకథ’ యందుము. అయితే ఈ తిరస్కారము కథను చెప్పువారిపైనను, చెప్పు భాషపైనను కలిగినదే కాని, వినువారి వయస్సునకు దీనితో సంబంధము లేదు. ఇందుకు ప్రాచీనమైన నిదర్శనము గుణాఢ్యుని వృత్తాంతము. కథాసరిత్సాగరము చెప్పిన ప్రకారము అతడు ఏడు లక్షల గ్రంథమైన బృహత్కథను పైశాచీ భాషలో, తన రక్తముతో వ్రాసి సాతవాహన రాజునకు పంపెను. రాజు భాషను చూచి ఈసడించి త్రిప్పి పంపెను. గుణాఢ్యుడు అడవిలో అగ్నికుండము చెంత కూర్చుండి ఒక్కొక్క పత్రమును మృగపక్షులకు చదివి వినిపించి అగ్నిలో వేయసాగెను. మృగములు మేత మాని కన్నీరు కార్చుచు వినెను. రాజునకు బుద్ధి వచ్చునప్పటికి ఆరు లక్షలు బూడిద కాగా లక్ష మాత్రము మిగిలినది. బృహత్కథకు రూపాంతరమని చెప్పబడు ఆ కథాసరిత్సాగరములోనే భేతాళుని ఇరువదియైదు కథలును ఉన్నవి. ‘చందమామ’లో నెలనెలా అచ్చైన భేతాళకథలకు మూలము అదియే. భాష చాలదని ఆస్థానము త్రోసివేసిన గ్రంథపు సంతతియే నేడు ‘పిల్లల కథ’ అను మరియొక పేరుతో మరల త్రోసివేయబడుచున్నది.

‘బాల’ శబ్దము విషయముననే మనము తొందరపడుచున్నాము. ఆంధ్రుడని ప్రసిద్ధి గల అన్నంభట్టు తన తర్కసంగ్రహము బాలురకు సుఖముగా బోధపడుటకై వ్రాసినట్లు చెప్పుకొనెను. దానిని వివరించిన వ్యాఖ్యాతలు ఆ బాలుడు పాలు త్రాగు శిశువు కాడనియు, గ్రహించుటకును, గ్రహించినదానిని నిలుపుకొనుటకును శక్తి గలవాడనియు చెప్పిరి. చిన్నయసూరి బాలవ్యాకరణమును చేత పట్టుకొని వణకని ప్రౌఢుని మేము ఇంతవరకు చూడలేదు. అనగా మన శాస్త్రసంప్రదాయమున ‘బాల’ అనునది ఒక విషయమునకు క్రొత్తవాడను అర్థమును ఇచ్చినది. ఏబది యేండ్లవాడును ఒకానొక విషయమున బాలుడు కావచ్చును, అందు సిగ్గుపడవలసినది లేదు.

ఇక అసలు పరీక్షకు వత్తము. చిత్రగ్రీవుడను పావురముల రాజు వలలో చిక్కుట, హిరణ్యకుడను ఎలుక త్రాళ్లు కొరుకుట, కాకియు ఎలుకయు చెలిమి చేయుట: ఈ కథ 1853లో వెలువడిన చిన్నయసూరి నీతిచంద్రికలో ఉన్నది. ఈ కథనే తేలికమాటలలో, ప్రక్కన రంగుల బొమ్మతో బాలుర పత్రికయు చెప్పగలదు. రెండింటిలోను కాకి కాకియే, ఎలుక ఎలుకయే. నీతిచంద్రికను పఠించు ప్రౌఢుని లోకము పండితుడనును. బొమ్మల పత్రికను చదువు ప్రౌఢుని చూచి ‘ఇంకను పిల్లచేష్టలు పోలేదు’ అనును. కావున లోకము తీర్పు చెప్పుచున్నది వస్తువును చూచి కాదనుట స్పష్టము. గ్రాంథికము వస్తువునకు పెద్దరికమును ఇచ్చినది. తేలిక భాషయు బొమ్మయు దానిని హరించినవి. విశేషమేమనగా నీతిచంద్రికయు పాఠశాలల కొరకే పుట్టినది. పాఠ్యగ్రంథమై, పరీక్షగ్రంథమై, క్రమముగా గద్యమునకు లక్ష్యగ్రంథమైనది. పంచతంత్రపు కథను మరియొక దేశమున చూచినను ఇదే తెలియును. ఆరవ శతాబ్దిలో పారశీక ప్రభువైన అనూషిర్వానుని కొరకు అది పహ్లవీ భాషలోనికి పోయెను. ఎనిమిదవ శతాబ్దిలో ఇబ్నుల్ ముకఫ్ఫా దానిని అరబ్బీలో ‘కలీలా వ దిమ్నా’గా చేసెను. అక్కడ నక్కల సంభాషణమును రాజులును మంత్రులును చదివిరి. వారిని నవ్వినవారు లేరు.

భాషయు బొమ్మయు మాత్రమే కారణమనినచో మరియొక చిక్కు వచ్చును. ‘చందమామ’ స్థాపకులైన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే విజయా సంస్థ పక్షమున 1951లో ‘పాతాళభైరవి’ని, 1957లో ‘మాయాబజార్’ను నిర్మించిరి. మాంత్రికుడు, పాతాళగృహము, బలి, కోరినది యిచ్చు దేవత: ఇది అంతయు బాలుర పత్రికలోని సరకే. ఘటోత్కచుని నోటిలోనికి లడ్లు తమంత తాము ఎగిరిపోవుటను చూచి మురిసిన ప్రౌఢుడు ఆ సంగతిని మరునాడు కచేరిలో పదిమందికి చెప్పుకొనెను. అతనికి అపహాస్యము జరుగలేదు. ఏల? టిక్కెట్టు కొని లోపలికి పోయినవాడు పదిమందిలో ఒకడు. ‘చందమామ’ను చదువువాడు ఒంటరివాడు; పైగా ఇంటిలోని బాలుని చేతినుండి దానిని తీసికొని చదువుచున్నాడు.

1950లలో ముళ్లపూడి వెంకటరమణ వ్రాయగా బాపు బొమ్మలు వేసిన ‘బుడుగు’ ఈ రహస్యమును ఇంకను విప్పి చూపును. అందులో మాటలాడువాడు పసివాడు. బొమ్మలును ఉన్నవి. ప్రౌఢులు దానిని గర్వముతో చదివిరి, నేటికిని చదువుచున్నారు. అచట పాఠకుడు బాలుని పైనుండి చూచును. బాలునకు తెలియనిది తనకు తెలియుననుటయే ఆ హాస్యమునకు పట్టుకొమ్మ. ‘చందమామ’ పాఠకునికి ఆ ఎత్తుపీట లేదు. మాంత్రికుడు గుహలోనికి పోయినప్పుడు తరువాత ఏమి జరుగునో బాలునకెంత తెలియునో అతనికిని అంతియే తెలియును. ప్రౌఢుడు బాలుని చూచి నవ్వవచ్చును, బాలునకు బోధింపవచ్చును. వాని ప్రక్కన సమానుడై కూర్చుండరాదు. లోకము సహింపనిది ఈ సమానత్వమునే అని మా అభిప్రాయము.

ఈ ఎల్లను ఎప్పుడు గీచిరను ప్రశ్నకు సమాధానము కొంతవరకు పాశ్చాత్యదేశముల చరిత్రలోను దొరకును. టోల్కిన్ అను ఆంగ్ల రచయిత 1939లో చేసిన ఉపన్యాసమున అద్భుతకథలు బాలుర గదిలోనికి చేరుట వింత కాదనెను. పాతబడిన కుర్చీలను, బల్లలను పెద్దలు తమకు అక్కరలేక పిల్లల గదిలోనికి నెట్టినట్లే కథలను గూడ నెట్టిరని ఆయన వాదము. కార్టూను చిత్రముల గతియు అట్టిదే. హన్నా, బార్బెరా అను ఇరువురు 1940లో ఆరంభించి 1958 వరకు నిర్మించిన ‘టామ్ అండ్ జెర్రీ’ చిత్రములు 114. అవి సినిమాశాలలో పెద్ద చిత్రమునకు ముందు పిల్లలును పెద్దలును కలిసిన సభ కొరకు తీసినవి. వానికి ఏడు ఆస్కారు బహుమతులు వచ్చినవి. పిమ్మట టెలివిజను వానిని పిల్లల వేళలో ప్రసారము చేసినది. వేళ మారగా జాతి మారినది! నాటి సభికుని మనుమడు నేడు వానిని చూచి నవ్వినచో పిల్లచేష్ట యనుచున్నాము.

2010లో అమెరికాలో ‘మై లిటిల్ పోనీ: ఫ్రెండ్‌షిప్ ఈజ్ మ్యాజిక్’ అను కార్టూను ధారావాహిక మొదలైనది. అది బాలికల కొరకు ఉద్దేశింపబడినది. దానిని యువకులు వేలకొలది అభిమానించి, ‘బ్రోనీలు’ అని తమకొక పేరు పెట్టుకొని, 2011 నుండి 2019 వరకు ఏటేట సమావేశములు జరుపుకొనిరి. వారికి జరిగిన అపహాస్యము ‘చందమామ’ పాఠకునికి జరిగినదానికంటె తీవ్రము. అందు పిల్లతనమును గూర్చిన నింద సగమే. తక్కిన సగము మగవాడు ఆడపిల్లల వస్తువును ముట్టినాడని. మన ‘కాకమ్మ కథ’లోను, ‘అమ్మమ్మ కథలు’ అని చప్పరించుటలోను ఈ రెండవ సగము దాగియున్నదేమో పరిశోధక విద్యార్థులు పరిశీలింపవలెను. కథ చెప్పుట మన ఇండ్లలో ఎక్కువగా స్త్రీల పని.

ఇంతవరకు అభిమానుల పక్షమున మాటలాడితిమి. కాని వారు తమ పక్షమున తాము చెప్పుకొను సమాధానము మాకు సమ్మతము కాదు. ‘చదువుచున్నంతసేపు మరల చిన్నవారమైపోదుము’ అని వారందురు. ఈ మాట వినుటకు మధురముగా ఉన్నను ఎదుటివాని నేరారోపణను అంగీకరించుటయే యగును. అది పిల్లల వస్తువే, మాకు అప్పుడప్పుడు పిల్లలము కావలెనని ఉండును, క్షమింపుడు: ఇంతియే కదా దీని అర్థము! ఏబది యేండ్లవాడు భేతాళకథను చదివినప్పుడు పదియేండ్లవాడు కానేరడు. అతడు ఏబది యేండ్లవాడుగానే చదువును. ఆ చదువులో అతనికి కనబడునది ఏమో చెప్పుట అతని ధర్మము.

భేతాళకథ చట్రమును చూడుడు. రాజు మౌనము విడిచినచో శవము చెట్టెక్కును. తెలిసియు చెప్పకున్నచో తల పగులును. జ్ఞానము మాటలాడుమని నిర్బంధించును, కార్యము మౌనముగా ఉండుమని నిర్బంధించును. పదియేండ్లవాడు రాజు ఇచ్చు సమాధానము కొరకు ఎదురుచూచును. సమాధానము రాగానే అతనికి కథ ముగిసినది. ప్రౌఢుడు భేతాళుని ప్రశ్న వద్ద ఆగును. ముగ్గురిలో ఎవని త్యాగము గొప్పది, తప్పు ఆజ్ఞ ఇచ్చినవానిదా నెరవేర్చినవానిదా అను తగవులు అతడు కచేరిలో, పంచాయితీలో, ఇంటిలో చూచినవే. రాజు చెప్పిన సమాధానము అతనికి చాలకపోవచ్చును. మాకును పెక్కుచోట్ల చాలలేదు. రాజు తీర్పులు తరచుగా రాజులకు అనుకూలములు! మూలమున కడపటి కథకు రాజు సమాధానము ఎరుగక మౌనము వహించును, ఆ మౌనముననే కార్యము సాగును. ‘చందమామ’లో మూలకథలు ముగిసిన పిమ్మట క్రొత్తవి కల్పించుచు దశాబ్దములు సాగించిరి కాబట్టి ఆ కడపటి మౌనము వెనుకకు జరుగుచునే పోయినది. నెలనెలా సమాధానము తెలిసిన రాజు, నెలనెలా ఓడుట. శంకర్ గీచిన, శవమును భుజమున వేసికొని కత్తి దూసి నడచు రాజు బొమ్మను మనము మరువలేకపోవుటకు కారణము చిన్ననాటి జ్ఞాపకము ఒక్కటియే యనుట సరి కాదు.

దాసరి సుబ్రహ్మణ్యము ధారావాహికల విషయమున అభిమానుల మౌనము మమ్ము ఇంకను బాధించుచున్నది. ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గము’ మొదలైనవానిని వారు దైవసమానముగా చూతురు. ఆ కథాకథనమున వేగము కలదు, అడవిని వర్ణించుటలో సంక్షేపము కలదు, చిత్రా బొమ్మలు భయమును కంటికి కట్టించినవి. కాని అయిదు ధారావాహికలను వరుసగా చదివినవానికి ఒక మూస కనబడక తప్పదు. ‘శిథిలాలయము’లో శిఖిముఖి, విక్రమకేసరి, ‘రాతిరథము’లో ఖడ్గవర్మ, జీవదత్తుడు: ఇట్లు సాహసికుల జంటలు, వారికి అడ్డుగా మాంత్రికుడు, అడవి, ఆటవికులు. స్త్రీలకు ఈ అడవిలో చేయదగిన పని చాల తక్కువ. ఆటవికులు తరచు భయపెట్టుటకో, ఊడిగమునకో పనికివచ్చిరి. నాగర్‌కర్నూలు జిల్లాలో నల్లమల అడవియు, అందు చెంచులును ఉన్నారు. అక్కడి పాఠకుడు ఈ అడవిని ఆ అడవితో పోల్చక మానడు. ఇది అభిమానమునకు భంగమని ఎవరైన అనుకొన్నచో ఆ అభిమానము విమర్శకు ఓర్వదని అర్థము. పండితుడు మనుచరిత్రలో దోషము ఎంచి మనుచరిత్రను మానలేదు కదా!

కార్టూను చిత్రములను గూడ ఇదే కొలతతో కొలువవలెను. హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థ నిర్మింపగా 2008 నుండి పోగో వాహినిలో వచ్చిన ‘ఛోటా భీమ్’ మన ఊళ్లలోని పిల్లలెల్లరకు పరిచితము. ఢోలక్‌పూర్ అను ఊరు, లడ్లు తిని బలము తెచ్చుకొను బాలుడు. మూలములోని భీమసేనునకు ఆకలియు ఉన్నది, ఆగ్రహమును ఉన్నది. తిక్కన విరాటపర్వమున ద్రౌపది అర్ధరాత్రమున వంటశాలకు వచ్చి అతనిని లేపిన ఘట్టమును చదివినవారికి ఆ ఆగ్రహము వెనుకనున్న అవమానము తెలియును. ఢోలక్‌పూర్ భీమునకు ఆకలిని మాత్రము ఉంచిరి. ప్రతిదినము శత్రువు మారును, దెబ్బలు పడును, లడ్లు పంచుదురు, ప్రశ్న మిగులదు. దీనిని ప్రౌఢుడు చూచుటలో తప్పు లేదు. మరల చూచుటకు అతనికి కారణము దొరకదని మాత్రము చెప్పగలము. ‘టామ్ అండ్ జెర్రీ’లో నీతి లేదు, సామాన్యముగా మాటయు లేదు. కాని పిల్లి అడుగునకును వాద్యపు దెబ్బకును గల తాళబంధము ఎట్టిదో యక్షగానము చూచిన కన్ను ఇట్టే పట్టుకొనును. అక్షరము రాని తాతయు అక్షరము నేర్చుచున్న మనుమడును దానిని ఒకే హక్కుతో చూతురు.

అక్షరము రానితనమును గూర్చి చెప్పవలసినది ఒకటి ఉన్నది. 2011 జనాభా లెక్కలలో నాటి మహబూబునగరము జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతము. నేటి గద్వాల జిల్లా పరిధిలో అది సుమారు సగమే. ఇట్టి తావున పుస్తకము ఇంటిలో ఒంటరిగా చదువుకొను వస్తువు కాజాలదు. బడికి పోవు బాలుడు బిగ్గరగా చదువును, తల్లియు తాతయు విందురు. ఈ మూడు పట్టణముల చుట్టుపట్ల వృద్ధులు తమ యిండ్లలో కథలపత్రిక అట్లు వినబడిన సంగతిని మాతో చెప్పిరి. ‘పిల్లవాడు చదువుచుండెను, మేము వినుచుంటిమి, ఆ పత్రిక ఎవరిదనుకొనవలెను?’ అని వారిలో ఒకరు అడిగినది మాకు తోచని ప్రశ్న. వయోజన విద్యాకేంద్రమున నలుబదవ ఏట అక్షరములు నేర్చినవాడు మొదట చదువగలుగునది పెద్ద అచ్చు, చిన్న వాక్యము గల పుస్తకమే. అది బాలల పుస్తకము. బీరువాలో సంపుటములు దాచుకొన్న ఉద్యోగిని చూచి నవ్వు నవ్వు ఇతని దాక వచ్చినప్పుడు ఎంత కఠినమగునో నవ్వువారు ఎరుగరు. ఆ ఉద్యోగి నవ్వుకొని ఊరకుండును. ఇతడు పుస్తకమును మూసివేయును.

కథను హీనముగా చూడని ప్రౌఢుడెట్లు చదువునో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. గద్వాల ప్రాంతమువాడును, 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైనవాడును అగు సురవరము ప్రతాపరెడ్డి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను ప్రకటించెను. రాజుల వంశావళులను ప్రక్కకు నెట్టి జనుల తిండి, బట్ట, ఆట, నమ్మకము వ్రాయబూనినప్పుడు ఆయనకు ఆధారములు ఎచ్చట దొరకినవి? కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికలో, పాలవేకరి కదిరీపతి శుకసప్తతిలో, అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతిలో. బొమ్మలు విక్రమార్కుని కథలు చెప్పుట ఒకదానిలో, చిలుక చెప్పుట వేరొకదానిలో, హంస చెప్పుట మరియొకదానిలో. ఆ చిలుకయు హంసయు జారిణులను రాత్రివేళ ఇల్లు కదలకుండ నిలుపుటకు కథలు చెప్పినవి గాని పిల్లలను నిద్రపుచ్చుటకు కాదు! ప్రబంధముల నడుమ ఈ కథాకావ్యములకు తక్కువ పీట వేయుట పరిపాటి. ప్రతాపరెడ్డి వానిలో పిల్లల ఆటల పేర్లు ఎత్తి వ్రాసికొనెను, వృత్తులను పోల్చెను, మాటల అర్థములు తెలియనిచోట తెలియలేదని వ్రాసెను. ఆ గ్రంథమునకు 1955లో తెలుగున మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము, ఆయన మరణించిన రెండేండ్లకు, వచ్చినది. పిల్లల ఆటల పట్టికను శ్రద్ధతో వ్రాసికొన్న ఆ మనుష్యుని ఎవ్వరును పిల్లవాడనలేదు.

ఆయన చేసిన మరియొక పనియు ఇక్కడ స్మరణీయము. తెలంగాణమున కవులు లేరని ఒకరు వ్రాయగా ఆయన వాదమునకు దిగక 354 మంది కవులను సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించెను. సేకరణయే సమాధానమైనది. ‘చందమామ’ అభిమానులు తెలిసియో తెలియకయో ఇట్టి పనినే చేసిరి. ఆ పత్రికను 1952 నుండి 1980లో మరణించు వరకు నడపినది ‘చదువు’ నవలాకారుడైన కొడవటిగంటి కుటుంబరావు. ఆయన అందు వ్రాసినవానిలో చాల భాగము పేరు లేకయే అచ్చైనది. దాసరి సుబ్రహ్మణ్యము ధారావాహికల క్రిందను చిరకాలము పేరు లేదు. ఏది ఎవరిదో కనుగొని, పాత సంచికలు ఒకదానితో ఒకటి సరిచూచి, లేనివానిని ఊరూర వెదకి తెచ్చి, దాసరి 2010లో గతించిన పిమ్మట ఆ రచనలు పుస్తకములుగా వచ్చుటకు తోడ్పడినవారు ఈ ప్రౌఢపాఠకులే. కర్తృత్వ నిర్ణయము, ప్రతుల సేకరణ, కాలనిర్ణయము: మన శాఖలలో వీనిని పరిశోధన యందుము. వారు చేసినప్పుడు వేడుక యనిరి.

మేమెరిగిన పరిశోధక విద్యార్థి ఒకరు, నాగర్‌కర్నూలు ప్రాంతమువారు, బాలల పత్రికలలోని కథనరీతులను పరిశోధనకు ప్రతిపాదించిరి. ‘ఇది పిల్లల వ్యవహారము, పట్టము ఇచ్చుటకు చాలదు’ అని ఆ సమావేశమున తేల్చిరి. పాపము ఆయన ఇప్పుడు ప్రబంధములలోని ఋతువర్ణనలపై కృషి చేయుచున్నారు. ఋతువర్ణనలపై మాకు ద్వేషము లేదు. అయితే వానిపై వ్రాయుటకు ఇంకను వందయేండ్ల వ్యవధి కలదు. పాత సంచికలలో పేరు లేక మిగిలిన చిన్నకథలు ఎన్నియో ఉన్నవి. వానిని పంపినవారు ఎవరు, కార్యాలయమున దిద్దినవారు ఎవరు, ఏ మౌఖిక కథ ఏ రూపమున ఆ మూసలోనికి పోయినది, పాలమూరి నోట వినబడు కథకును అచ్చైన కథకును భేదమెంత? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పగలవారు ఎనుబదేండ్లు పైబడినవారు. గద్వాలలోను, వనపర్తిలోను ఇంకను బైండు సంపుటములు గల ఇండ్లు కలవు. ఆ ఇంటి పెద్ద పోగానే వానిని పాతకాగితముల వానికి తూచి యిచ్చువారును కలరు.